చుక్క తర్వాత

ఆదివారం పొద్దున్న నీలవేణి లేచేసరికి ఇంట్లో ప్రతి పేరు చివరా ఒక చుక్క కనిపిస్తోంది. చుక్క తర్వాత మూడు ఇంగ్లీషు అక్షరాలు.

గ్యాస్ సిలిండరు నడుం దగ్గర నీలం రంగులో రాసి ఉంది: సిలిండర్.జిప్. గోడగడియారం కింద ఒకటి, కిటికీ ఊచ మీద కూర్చున్న పావురం కాళ్ళ కింద ఒకటి. పావురం ఎగిరితే అక్షరాలూ ఎగురుతున్నాయి, వాలితే అవీ వాలుతున్నాయి. అల్లప్పచ్చడి గిన్నె మూత తీస్తే అంచు మీద మూడు అక్షరాలు ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. నీలవేణి వాటిని చదివి, ఇంకో రవ్వంత బెల్లం వేసి, మూత పెడుతుంది.

ఇది ఆమె చేతులారా చేసిన పనే.

వాళ్ళ ఇల్లు ఏలూరు పవర్‌పేటలో, రైలుకట్టకు దగ్గరగా, మూడో అంతస్తులో ఉంది. హాల్లో కిటికీ పక్కన పాత కంప్యూటరు. శనివారం మధ్యాహ్నం అనకాపల్లి నుంచి బావగారు ఉమాపతి దానికి ఒక ఫొటో పంపించారు. ఫొటో పేరు కామేశ్వరి మోకాలు. కామేశ్వరి ఆయన భార్య, నీలవేణికి తోడికోడలు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయిందని ఇంట్లో అందరికీ తెలుసు. నీలవేణి ఆ ఫొటో మీద నొక్కింది. తెర మీద ఏ బొమ్మా రాలేదు. వెనకగదిలో అటక మీదున్న ఆమె సూట్‌కేసు మాత్రం చప్పుడు లేకుండా కిందికి దిగి, మంచం ఎక్కి, నోరు తెరుచుకుని కూర్చుంది. బీరువాలోంచి నేతచీరలు మడత నలగకుండా నడిచొచ్చి అందులో పడుకున్నాయి.

నీలవేణి చీరలు తీసి బీరువాలో పెట్టి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. ఫొటో అయితే కనపడాలి. కనపడకుండా ఎవరిచేతో పని చేయిస్తోందంటే అది ఫొటో అయ్యుండదు. ఆమె ఒకప్పుడు బడిలో పిల్లలకు లెక్కలతోపాటు కంప్యూటరు పాఠాలూ చెప్పింది. ఏ ఫైలుకైనా పేరు చివర తోకలా ఓ చుక్కా, అది ఏ రకమో చెప్పే అక్షరాలూ ఉంటాయి. చూసేవాళ్ళకెందుకులే అని కంప్యూటరు వాటిని దాచేస్తుంది. చూపించమంటే చూపిస్తుంది. పైన వ్యూ అని ఉన్నచోట నొక్కి, తోకల గడిలో టిక్కు పెట్టింది. మోకాలి వెనక ఉన్నది బయటపడింది: ఇఎక్స్ఇ. కళ్ళతో చూసుకునే రకం కాదు. ముట్టుకోగానే పని మొదలుపెట్టే రకం.

ఆ టిక్కు తీయకుండానే పడుకుంది. తెల్లారేసరికి అది ఇల్లంతా పాకింది.

సోమశేఖర్ బాల్కనీలో పేపరు చదువుతున్నాడు. చొక్కా జేబు కింద అతని పేరు, చుక్క, ఆ తర్వాత ఎల్ఎన్‌కె. ఎడమ బుగ్గ మీద చిన్న బాణం ఒకటి వంపు తిరిగి ఉంది. కంప్యూటరులో షార్ట్‌కట్‌కి ఉండే బాణమే అది. అలాంటి దాంట్లో సొంత సరుకంటూ ఏమీ ఉండదు, అసలుది ఎక్కడుందో చూపిస్తుందంతే. నీలవేణి కాఫీ గ్లాసు అందిస్తూ చూస్తుంది. మొగుడు ఇటు తిరిగినా అటు తిరిగినా బాణం మాత్రం ఈశాన్యం వైపే ఉంటోంది. అనకాపల్లి అటే.

ఆమె స్నానాలగది అద్దంలో తనను చూసుకుంటుంది. మెడ కింద, నల్లపూసలకు కాస్త పైన ఉంది: నీలవేణి.టిఎంపి.

ఆ రకం ఆమెకు బాగా తెలుసు. ఏదో పని జరుగుతున్నంతసేపూ పక్కన ఉంచుకుని, పనవగానే తీసి పారేసే ఫైళ్ళకు అలా రాసి ఉంటుంది. తాత్కాలికం.

ఆమెకు కోపం రాదు. లెక్క సరిపోయినప్పుడు కలిగే నిదానం కలుగుతుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈ కుటుంబంలో ఎవరు మంచం పట్టినా, ఎవరు నీళ్ళోసుకున్నా, నీలవేణి సూట్‌కేసు అటక దిగేది. ఆడపడుచు పురిటికి విజయనగరం, చినమామగారి కంటి ఆపరేషన్‌కి నరసాపురం, కామేశ్వరికే ఇదివరకు గాల్‌బ్లాడర్ తీసినప్పుడు అనకాపల్లి. మామగారు పోయేముందు ఏడాదంతా ఇక్కడే, ఆయన మంచం పక్కన. బడిలో మూడోసారి సెలవు అడిగినప్పుడు హెడ్మిస్ట్రెస్ గారు కాగితం మీద సంతకం పెట్టారు. తిరిగొచ్చి చూస్తే స్టాఫ్ రూములో ఆమె కుర్చీ ఉన్నచోట గోడ ముందుకు జరిగి ఉంది. ఇంట్లోనూ అంతే. ఒక్కో ఊరు వెళ్ళొచ్చినప్పుడల్లా పడగ్గది ఆమె పడుకునే వైపున మూరెడు తగ్గేది. ఇప్పుడామె మంచం అంచున ఒక పక్కకు తిరిగి మాత్రమే పడుకోగలుగుతోంది.

శనివారపుపేటలో ఒక బడివాళ్ళు ఆమెను పిలిచారు. రేపటి నుంచే ఆరో తరగతికి లెక్కలు. ఈ సంగతి పోయిన వారమే భోజనాల దగ్గర చెప్పింది. మంచిదే అన్నాడు సోమశేఖర్. మంచిదే అంది అత్తగారు. ఆ మాటలు కంచాలతోపాటు సింకులోకి వెళ్ళిపోయాయి.

అత్తగారు మాణిక్యాంబ దేవుడి గదిలోంచి పైట నిండా కప్పుకుని వస్తుంది. కప్పుకున్నా అక్షరాలు పైటమీదికి తేలుతున్నాయి. పిడిఎఫ్. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరూ ఒక్క అక్షరం దిద్దలేరు.

"ఏమిటే ఇది, ఇంటినిండా?" అంటుంది.

నీలవేణి చెబుతుంది. ఆవిడ కోడలి మెడ కింద ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివి, అంటే ఏమిటని అడుగుతుంది. నీలవేణి అదీ చెబుతుంది. మాణిక్యాంబ కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిలో అగరొత్తి ఆరిపోయేదాకా ఆ అక్షరాలే చూస్తుంది.

"నాదీ ఒకప్పుడు అదే అయ్యుంటుంది" అంటుంది చివరికి.

"ఎవరు మార్చారత్తయ్యగారూ?"

"ఎవరు మారుస్తారు? ఒంట్లో ఓపిక తగ్గాక నాతో ఎవరికీ పనిబడలేదు. అదే మారింది."

అయినా నీలవేణిని అనకాపల్లి తీసుకెళ్ళడానికి పెద్దబ్బాయి వచ్చేలోపు ఆ టిక్కేదో తీసెయ్యమంటుంది. తోకలు అందరికీ ఉంటాయి, బయటపెట్టుకోవడం మర్యాద కాదు అన్నది ఆవిడ వాదన. సోమశేఖరూ లోపలికొచ్చి అదే అంటాడు, కాస్త మెత్తగా. ఇన్నేళ్ళూ కనపడకుండానే సంసారం నడిచింది కదా అంటాడు. నడిచింది నిజమేననీ, నడిచినవి తన కాళ్ళేననీ చెప్పి, నీలవేణి కంప్యూటరు ముందున్న పీట మీద కూర్చుంటుంది. తీయనంటుంది. గొంతు పెంచదు. ఇడ్లీలు పొయ్యి మీదున్నాయనీ ఎవరికి కావాలంటే వాళ్ళు దింపుకోవచ్చనీ కూడా చెబుతుంది. ఇడ్లీలు చాలాసేపు ఉడికి, ఎవరూ రాకపోయేసరికి తమంతట తామే పళ్ళెంలోకి దిగుతాయి.

ఉమాపతి గారు మెట్లెక్కి వస్తారు. చేతుల్లో భార్య మోకాలు ఉంది, తువ్వాలు చుట్టి. దాన్ని సోఫాలో దిండు మీద పెట్టి, పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటారు. మనిషిని కదిలించకూడదన్నారట డాక్టరుగారు. అందుకని దీన్నొక్కదాన్నే తీసుకొచ్చారు, కళ్ళతో చూస్తే నీలవేణి కాదనలేదని.

ఆయన బట్టతల మీద, పైనున్న ట్యూబులైటు వెలుగులో, రెండు చుక్కలు కనిపిస్తున్నాయి. ఉమాపతి.జెపిజి.ఇఎక్స్ఇ. పైకి బొమ్మ, లోపల పని పురమాయించేది. బొమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు నీలవేణి పెళ్ళి ఆల్బంలోనూ ఉంది.

"బయల్దేరమ్మా. తునిలో భోంచేసి, పొద్దుండగానే చేరిపోదాం."

"నేను రావడం లేదు బావగారూ. రేపు నాకు బడి ఉంది."

"బడిదేముంది, ఇవాళ కాకపోతే రేపొస్తుంది. మోకాలు మళ్ళీ వస్తుందా?"

"మోకాలికి ఆయాని పెట్టుకోవచ్చు. మీరున్నారు, చేతికందొచ్చిన కొడుకున్నాడు. నా బడికీ అక్కయ్య కాలికీ ముడెయ్యడం, బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యడమే."

మాట అనేశాక గానీ ఆమెకు ఆయన తల సంగతి తట్టదు. తట్టాక కూడా వెనక్కి తీసుకోదు. సోమశేఖర్ బుగ్గ మీద బాణం అన్నగారి వైపు తిరిగి గడగడా వణుకుతోంది. సోఫాలో మోకాలు ఒకసారి మడుచుకుని, హాయిగా చాపుకుంటుంది.

ఉమాపతి గారు నవ్వుతూనే, ఇది తోక జాడించడం కిందికి వస్తుందంటారు. ముందు ఆ గడిలో టిక్కు తీయాలనీ, ఎవరి రకం వాళ్ళ లోపల ఉంటేనే కుటుంబమనీ చెబుతారు. తమ్ముణ్ణి చూసి గడ్డం ఎగరేస్తారు. సోమశేఖర్ కంప్యూటరు వైపు ఒక అడుగు వేసి, భార్య కళ్ళలోకి చూసి, అక్కడే నిలబడిపోతాడు.

అప్పుడు ఫోను మోగుతుంది. కామేశ్వరి.

"నీలా, నా మోకాలు అక్కడికి చేరిందా?"

"చేరిందక్కయ్యా. సోఫాలో ఉంది."

"ఫ్యాను గాలి తగలనీకు. నువ్వు వస్తున్నావా మరి?"

బావగారికి చెప్పినంత తేలిక కాదు ఈవిడకు చెప్పడం. గాల్‌బ్లాడర్ తీసినప్పుడు మూడు వారాలు ఈవిడకు తల దువ్వింది. రాత్రి నొప్పికి ఈవిడ తన చెయ్యి గట్టిగా పట్టుకుంటే, తెల్లారి తన ముంజేతి మీద గాజు విరిగిన చోట గీరుకుని ఉండేది.

"రావడం లేదక్కయ్యా."

నీలవేణి ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంటుంది.

"మంచిపని చేశావు. నువ్వొస్తే ఈయనకి ఈ జన్మకి స్టవ్వు వెలిగించడం రాదు" అంటుంది కామేశ్వరి. "మీ ఇంట్లో పేర్ల వెనక ఏవో కనపడుతున్నాయట కదా. నాది ఏముందో చూసి చెప్పు."

నీలవేణి ఫోను తెర మీద చూస్తుంది. చెప్పాలా వద్దా అని ఆలోచించదు.

"టిఎంపి. నాదీ అదే. పనయ్యేదాకా ఉంచుకునేది."

"ముప్ఫయ్యేళ్ళయింది కదే. ఇంకా పని అవలేదా?"

తర్వాత కామేశ్వరి, దాన్ని మార్చుకోవచ్చా అని అడుగుతుంది. మార్చుకోవచ్చు, కానీ పనికిరాకుండా పోతామని కంప్యూటరు హెచ్చరిస్తుంది అంటుంది నీలవేణి. ఫోనులో ఏదో చప్పుడు. ఆవిడ ఏడుస్తోందనుకుని నీలవేణి కంగారు పడుతుంది. కాదు, నవ్వుతోంది. ఆవిడ నవ్వుతుందని ఈ కుటుంబంలో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. సోఫాలో మోకాలు ఆ నవ్వుకు లేచి, తువ్వాలు విదిలించుకుని, గుమ్మం దాటి మెట్లు దిగిపోతుంది. నొప్పి ఉన్నట్టే ఉంది, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది. అయినా ఎవరి చెయ్యీ అడగదు.

"నా మోకాల్ని ఎవరైనా ఆపండి" అంటారు ఉమాపతి గారు.

"అది మీది కాదు బావగారూ" అని, నీలవేణి కంప్యూటరు వైపు తిరుగుతుంది.

తెర మీద ఇంట్లోవాళ్ళందరి పేర్లూ వరసగా ఉన్నాయి. ఆమె తన పేరు మీద నొక్కి, చుక్క దాటాక ఉన్నదాన్ని ఒక్కో అక్షరమే చెరిపేస్తుంది. పి పోతుంది. ఎం పోతుంది. మెడ కింద చిన్నగా మంట పుడుతుంది. టి పోయాక, చుక్క పక్కన కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఏం పెట్టుకోవాలో ఆమె ముందుగా అనుకోలేదు. వేళ్ళు తెలుగులో ఒక మాట కొడతాయి: ఇంకా.

తెర మధ్యలో పెట్టె తెరుచుకుంటుంది. పేరు చివరున్నది మారిస్తే ఇది పనికిరాకుండా పోవచ్చు. నిజంగా మార్చాలా?

"వద్దు నీలా" అంటాడు సోమశేఖర్. "పనికిరాకుండా పోతావంటోంది."

"చదివానండీ. అదే కావాలి నాకు."

ఉమాపతి గారు కంప్యూటరు స్విచ్చు కట్టేయడానికి సోఫాలోంచి లేస్తారు. సోఫాకూ స్విచ్చుకూ నాలుగడుగుల దూరం. ఆయన నాలుగడుగులు వేస్తారు. హాలు పొడుగవుతుంది. ఇంకో నాలుగు వేస్తారు. ఇన్నేళ్ళుగా మూరెడు మూరెడుగా ఎక్కడికో పోయిన నేలంతా ఆయన కాళ్ళ ముందు పరుచుకుంటోంది. విజయనగరం మూర, నరసాపురం మూర, బడిలో కుర్చీ కింది గచ్చు, మామగారి మంచం పక్కన ఏడాది పొడుగునా ఆమె చాప వేసుకున్న చోటు. ఉమాపతి గారు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, దాహమేస్తోంది మంచినీళ్ళు అంటారు. ఆ మాట అంత దూరం నుంచి వచ్చేసరికి చల్లారిపోతుంది.

నీలవేణి అవును మీద నొక్కుతుంది.

ఇంట్లో దేని చప్పుడూ ఆగదు. కింద రైలు పోతుంది. మెడ కింద మంట చల్లబడి, అక్కడ కొత్తమాట కుదురుకుంటుంది.

సోమశేఖర్ ఆమెను పిలుస్తాడు. రకం తెలియని ఫైలుకు కంప్యూటరు అడిగే ప్రశ్న ఆమె ముఖం ముందు గాలిలో వేలాడుతుంది: దీన్ని దేనితో తెరవాలి? అతను తనకు తెలిసినవన్నీ వాడి చూస్తాడు. అన్నయ్య పెద్దవాడు కదా అంటాడు. అమ్మ మాత్రల వేళయిందంటాడు. నలుగురూ ఏమనుకుంటారంటాడు. ఇదివరకు వీటిలో ఏ ఒక్కటి తగిలినా ఆమె తెరుచుకునేది. ఇప్పుడు ఆ మాటలు ఆమె దాకా వచ్చి, తలుపు కనపడక, మర్యాదగా వెనక్కి పోతున్నాయి. ఆమెకు అతనంటే కసి లేదు. అతను అక్కడ నిలబడి ఉన్నాడని తెలుస్తోంది, అతని నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోంది. లేవాలనిపించడం లేదు, అంతే.

అన్నగారు హాల్లో చీమంత దూరానికి వెళ్ళిపోయేసరికి సోమశేఖర్ బుగ్గ మీద బాణం దిక్కు తోచక గిరగిరా తిరుగుతుంది. అతను అరచేత్తో దాన్ని పట్టుకుని, మరి నన్ను నేను ఎక్కడ వెతుక్కోవాలి అని అడుగుతాడు. అది తనకు తెలియదని ఆమె చెబుతుంది. మాణిక్యాంబ లేచి, తన మాత్రలు తానే తీసుకుని, గ్లాసులో మిగిలిన నీళ్ళు తులసికుండీలో పోస్తుంది. పోస్తూ కోడలి మెడ కింద ఉన్న మాట చదువుకుంటుంది. మళ్ళీ రెండోసారి చదువుతుంది.

నీలవేణి పాఠంపుస్తకం తీసి రేపటి భిన్నాలు చూసుకుంటుంది. సగంలో సగం ఎంత, దాంట్లో సగం ఎంత. తల బరువుగా అనిపించి చెయ్యి వెనక్కి పెడితే జడ చివర తగలదు. జడ నడుం దాటి, పీట దిగి, బాల్కనీ చువ్వల్లోంచి కిందికి పోతోంది. ఆమె దాన్ని వెనక్కి లాక్కోదు.

జడ పవర్‌పేట స్టేషను ప్లాట్‌ఫారం మీదుగా నల్లగా, తీరిగ్గా పోతుంది. టీ అమ్మేవాళ్ళు కాళ్ళెత్తి దారిస్తారు. తాడేపల్లిగూడెం దాటాక కరెంటు తీగలకంటే పైకి లేస్తుంది. నిడదవోలు దగ్గర ఎవరో పొలంలోంచి చూసి, మబ్బేమోనని ధాన్యం కుప్పల మీద పరదాలు కప్పుతారు. ఇక్కడ పీట మీద కూర్చుని నీలవేణి ఒక లెక్క కింద గీత గీస్తుంది. కొవ్వూరు గట్టు, ఆ తర్వాత గాలి, ఆ కింద నీళ్ళు ఆమెకు కుదుళ్ళలో తెలుస్తున్నాయి.

గోదావరి మీద, రైలు వంతెనకు పైన, అనకాపల్లి వైపు గట్టు నుంచి నెరిసిన జడ ఒకటి కొంచెం కుంటుతూ వస్తోంది. నది నడుమ రెండూ ఎదురుపడి, ఎవరూ ముడి వేయకుండానే ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. కింద రైలు ఆగుతుంది. పెట్టెల్లోంచి ఆడవాళ్ళు ఫ్లాసుకులతో, కారేజీలతో దిగుతారు. ఎవరెవరి ఆసుపత్రులకో, ఎవరెవరి పురుళ్ళకో వెళుతున్నవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు చీర కుచ్చిళ్ళు దోపుకుని జడ మీదికెక్కి, నది మధ్యలో వరసగా కూర్చుంటారు. కాళ్ళు కిందికి వేలాడేసి, కారేజీలు విప్పి, ఎవరికోసమో వండిన అన్నం తాము తింటున్నారు. రైలు కూత మీద కూత వేస్తోంది. వాళ్ళలో ఒక పెద్దావిడ కిందికి వంగి, వెళ్ళిపొమ్మని దానికి చెయ్యి ఊపుతోంది.